కర్నల్ జాన్ స్టాప్

నెల్లూరు నుండి పడమరగా ముంబయి దిక్కునకు పోవు రహదారి బుచ్చిరెడ్డిపాళెము దాటి, పెన్నా తీరమునందలి సంగము మీదుగా ఆత్మకూరు చేరుచున్నది. పూర్వము ఈ దారిని ఎడ్లబండ్లు నడచెడివి. సంగమేశ్వరుని దర్శింప వచ్చువారును, ఉదయగిరి సీమ నుండి నెల్లూరు పోవువారును ఆ బండ్లలోనే ప్రయాణము సాగించెడివారు. బండి ఒకవేళ తిరుగబడినను చేతికో కాలికో దెబ్బ తగిలెడిదే గాని, ప్రాణమునకు ముప్పు వాటిల్లుట అరుదు. ఇప్పుడా దారినే కార్లు గంటకు 80, 100 కిలోమీటర్ల వేగమున పరుగెత్తుచున్నవి. వేగముతోపాటు అపాయమును పెరిగినది. ఆ అపాయము నుండి మనుష్యుని కాపాడుటకై ప్రతి కారులోను సీటు ప్రక్కన బెత్తెడు వెడల్పైనను లేని ఒక నేత పట్టీ వ్రేలాడుచుండును. దానినే సీటు బెల్టు అందురు. చూచుటకు అది అల్పమైన వస్తువు. కాని దాని వెనుక గొప్ప త్యాగచరిత్ర యున్నది. పట్టీతో బంధింపబడిన మానవదేహము ఎంతటి తాకిడికైనను ఎట్లు నిలువగలదో కనుగొనుటకై తన శరీరమునే పణముగా నొడ్డిన వైద్యుడొకడు కలడు. ఆయనయే కర్నల్ జాన్ పాల్ స్టాప్.

స్టాప్ 1910వ సంవత్సరము జూలై 11వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ దేశమున, బహియా ప్రాంతమునందు జన్మించెను. ఆయన తల్లిదండ్రులు అమెరికా సంయుక్త రాష్ట్రముల వారు; క్రైస్తవ మత ప్రచారమునకై బ్రెజిల్ దేశమునకు పోయి అచట నివసించుచుండిరి. వారికి సిరిసంపదలు లేవు. ఉన్నదానితో తృప్తి చెందుట, ఇతరులకు తోడ్పడుట అను రెండు గుణములు మాత్రము ఆ ఇంట సమృద్ధిగా నుండెను. ఆ గుణములే కుమారునకు పిత్రార్జితములైనవి. బాల్యము బ్రెజిల్‌లో గడచిన పిమ్మట, స్టాప్ విద్యాభ్యాసమునకై టెక్సాస్ రాష్ట్రమునకు పంపబడెను.

1928వ సంవత్సరమున క్రిస్మస్ సెలవులలో ఒక దుర్ఘటన జరిగెను. స్టాప్ బంధువుల ఇంట నుండగా, పసిబిడ్డ యొకటి ప్రాకుచు పోయి చలిమంట పొయ్యిలో పడి ఒడలెల్ల కాలెను. స్టాప్ ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి నిద్రాహారములు మాని ఉపచారము చేసెను. కాని మూడవ దినమున బిడ్డ మరణించెను. తన కన్నుల యెదుట ఒక ప్రాణము పోవుచుండగా ఏమియు చేయలేకపోతినే యను బాధ ఆ యువకుని హృదయమున నాటుకొనెను. నాడే ఆయన వైద్యుడు కావలెనని నిశ్చయించుకొనెను.

నిశ్చయమైతే చేసుకొనెను గాని, వైద్యవిద్యకు కావలసిన ధనము చేతిలో లేదు. మరుసటి సంవత్సరమే అమెరికాలో గొప్ప ఆర్థిక మాంద్యము ఆరంభమయ్యెను. లక్షలకొలది జనులకు పనులు పోయినవి. అయినను స్టాప్ అధైర్యపడలేదు. బేలర్ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము చదివి పట్టము పొందెను. చిన్న కళాశాలలో రెండేండ్లు ఉపాధ్యాయుడుగా పనిచేసి కొంత ధనము కూడబెట్టెను. 1940లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున జీవభౌతిక శాస్త్రమునందు డాక్టరు పట్టమును, 1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పొందెను. పసిబిడ్డ మరణించిన నాటి నుండి వైద్యుడగు నాటికి దాదాపు పదునారు సంవత్సరములు గడచినవి. సంకల్పము దృఢమైనదగుటచే, ఆలస్యమైనను అది చెడలేదు.

అది రెండవ ప్రపంచ యుద్ధ కాలము. స్టాప్ సైనిక వైద్యుడుగా కొలువున చేరెను. 1946లో ఆయనను రైట్ ఫీల్డ్ అను చోట నున్న విమానవైద్య పరిశోధనశాలకు పంపిరి. మిక్కిలి ఎత్తున ఎగురు విమానములలో గాలి పలుచనగుటచే వైమానికుల రక్తమున వాయువు బుడగలుగా నేర్పడి, కీళ్లు భరింపరాని నొప్పి పుట్టెడివి. స్టాప్ తానే అట్టి విమానములలో కూర్చుండి పలుమారులు ఆకాశమున కెగసి, బయలుదేరుటకు ముందు అరగంట సేపు స్వచ్ఛమైన ప్రాణవాయువును పీల్చినచో ఆ బాధ కలుగదని కనుగొనెను. ఇతరులకు అపాయమున్నచోట తాను ముందుగా నిలుచుట ఆయన స్వభావము. ఆ స్వభావమే ముందుముందు ఆయనను ప్రపంచ ప్రసిద్ధుని చేసెను.

విమానములు కూలినపుడు, దిగునపుడు నేలను తాకినపుడు, మనుష్యుడు ఎంతటి తాకిడిని భరింపగలడు? ఈ ప్రశ్నకు ఆ దినములలో ఎవ్వరికిని సరియైన సమాధానము తెలియదు. భూమి ప్రతి వస్తువును తన వైపునకు లాగుచుండును. ఆ లాగుబలమును శాస్త్రజ్ఞులు ఒక కొలమానముగా తీసికొని, దానికి జి అని పేరిడిరి. వేగముగా పోవు వాహనము హఠాత్తుగా ఆగినపుడు మన దేహముపై పడు బలమును ఈ కొలమానముతోనే లెక్కింతురు. దేహముపై 18 జీల బలము పడినచో మనుష్యుడు బ్రతుకడని నాటి పండితుల నమ్మకము. అందువలన విమానములలోని ఆసనములను, పట్టీలను అంతకుమించిన బలమునకు తట్టుకొనునట్లు నిర్మించెడివారు కారు. ఎట్లును చావు తప్పనపుడు ఆసనము గట్టిగా నుండి ఏమి ప్రయోజనమని వారి యూహ. కాని కూలిన విమానముల నుండి కొందరు ప్రాణములతో బయటపడుచుండుటయు కలదు. ఈ చిక్కును తీర్చు భారము 1947లో స్టాప్‌పై పడెను.

కాలిఫోర్నియా రాష్ట్రమున మ్యురాక్ అను ఎడారి ప్రదేశము కలదు. అక్కడ దాదాపు 600 మీటర్ల పొడవున రైలుపట్టాలు పరచియుండెను. ఆ పట్టాలపై రాకెట్ల బలముతో దూసుకొనిపోవు ఒక బండిని ఏర్పరచిరి. బండి వేగమందుకొనిన పిమ్మట పట్టాల నడుమ అమర్చిన రోకలు దానిని పట్టుకొని, క్షణములో నిలిపివేయును. మొదట కొయ్య, లోహము మున్నగువానితో చేసిన మనుష్యాకారపు బొమ్మను ఆసనమున కట్టి పరీక్షలు జరిపిరి. ఒకనాడు ఆ బొమ్మకు తేలికపాటి పట్టీని మాత్రమే కట్టి బండిని నడపిరి. బండి ఆగెను గాని బొమ్మ ఆగలేదు. పట్టీ తెగి, ఎదుటనున్న దళసరి చెక్కను కాగితము వలె చీల్చుకొని, బొమ్మ చాల దూరమున పోయి పడెను. పట్టీ సరిగా లేని మనుష్యుని గతి యేమగునో నాడు చూచినవారందరికి బోధపడెను.

బొమ్మ యెంత చక్కనిదైనను తన నొప్పిని చెప్పలేదు. దానికి రక్తము లేదు, శ్వాస లేదు. నిజము తెలియవలెనన్న మనుష్యుడే ఆ బండి నెక్కవలెను. సైన్యమున వేలకొలది భటులు కలరు. ఆజ్ఞాపించినచో ఎవడైనను ఎక్కియుండును. కాని స్టాప్ తాను చేయజాలని పనిని ఇతరునిచే చేయించుట అన్యాయమని తలచెను. 1947 డిసెంబరు 10వ తేదీన తానే ఆ బండిలో కూర్చుండెను. మొదటిసారి ఒకే రాకెట్టుతో, వెనుకకు తిరిగి కూర్చుండి, గంటకు సుమారు 145 కిలోమీటర్ల వేగమున పోయి ఆగెను. ఏ హానియు కలుగలేదు. తరువాత రాకెట్ల సంఖ్యను, వేగమును క్రమముగా పెంచుచు వచ్చెను. కొన్ని నెలలలోనే 18 జీల హద్దు దాటిపోయి, ఆయన దేహము 35 జీల బలమును భరించెను. పండితుల నమ్మకము తప్పని తేలినది.

ఈ సత్యమునకు వెల ఉచితముగా లభింపలేదు. ఒకమారు ఆయన ప్రక్కటెముకలు చిట్లినవి. రెండు పర్యాయములు మణికట్టు విరిగినది. పండ్లలో నింపిన మందు ఊడిపడినది. కన్నులలోని సన్నని రక్తనాళములు చిట్లి చూపు మసకబారినది. విరిగిన మణికట్టును ఆయన స్వయముగా సరిచేసికొని పనికి మరలెనని చెప్పుదురు. ప్రతి పరీక్ష తరువాతను తన నాడి, శ్వాస, చూపు, నొప్పి ఏ విధముగా నున్నవో ఇతర రోగి విషయమున వ్రాసినట్లే నిష్పక్షపాతముగా వ్రాసియుంచెను. పరిశోధకుడును, పరిశోధనకు లోనగువాడును ఆయనయే. చింపాంజీల పైనను పరీక్షలు జరిగినవి. ఇతర సైనికులును స్వచ్ఛందముగా ముందుకు వచ్చి బండి నెక్కిరి. కాని మిక్కిలి ప్రమాదకరమైన ప్రయాణములను ఆయన తనకే ఉంచుకొనెను.

ఈ పనుల నడుమ ఆయన తన వైద్యవృత్తిని మరువలేదు. ఎడారిలోని ఆ సైనిక స్థావరమున భటుల కుటుంబములకు వైద్యసౌకర్యము మిక్కిలి తక్కువ. సాయంకాలము పని ముగిసిన పిమ్మట స్టాప్ వారి యిండ్లకు పోయి, పైకము పుచ్చుకొనకుండ చికిత్స చేసెడివాడు. పగలు లోకమునందలి ప్రయాణికులందరి కొరకు, రాత్రి ఇరుగుపొరుగు బిడ్డల కొరకు ఆయన కాలము వినియోగమగుచుండెను.

1953లో స్టాప్ న్యూ మెక్సికో రాష్ట్రమునందలి హాలొమన్ సైనిక స్థావరమునకు మారెను. అక్కడ కిలోమీటరునకు పైగా పొడవైన పట్టాల దారి యుండెను. దానిపై నడుపుటకు మరింత శక్తివంతమైన బండిని సిద్ధపరచిరి. దానిని నిలుపుటకు పట్టాల నడుమ నీటి తొట్టిని అమర్చిరి. బండి అడుగున నున్న దోనెలు ఆ నీటిలో మునిగి, నీటి యడ్డగింపుచే బండి ఆగును. విమానము నుండి అతివేగమున బయటకు విసరబడిన వైమానికుడు గాలి తాకిడికి బ్రతుకగలడా అను విషయమును తెలిసికొనుట ఈ పరీక్షల ఉద్దేశము.

1954 డిసెంబరు 10వ తేదీ. తొలిసారి బండి నెక్కిన నాటికి సరిగా ఏడేండ్లు నిండిన దినమది. నాటి పరీక్షలో తన చూపు శాశ్వతముగా పోవచ్చునని స్టాప్ ఎరుగును. గ్రుడ్డివాడనైనచో ఎట్లు బ్రతుకవలెనో ముందుగా అలవరచుకొనుటకై, ఆయన ఇంట దీపములార్పి చీకటిలో దుస్తులు ధరించుట అభ్యసించెనట. అయినను వెనుదీయలేదు. ఈ మారు ముందువైపునకు తిరిగియే కూర్చుండెను. భుజములకు, రొమ్మునకు, నడుమునకు, కాళ్లకు గట్టి పట్టీలు బిగించిరి. చేతులు గాలికి కొట్టుకొనిపోకుండ కట్టివేసిరి. తొమ్మిది రాకెట్లు ఒక్కసారిగా మండినవి. అయిదు సెకనులలో బండి గంటకు 632 మైళ్ల వేగమును, అనగా 1,017 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. పైన ఎగురుచున్న జెట్ విమానము వెనుకబడెను. ఆ వెంటనే బండి నీటిలో ప్రవేశించి 1.4 సెకనులలో నిలిచిపోయెను.

ఆ క్షణమున ఆయన దేహముపై పడిన బలము 46.2 జీలు. అనగా సుమారు 76 కిలోల బరువుగల ఆ దేహము, ఆ రెప్పపాటున 3,500 కిలోల బరువైనదానివలె పట్టీలపై ఒరగెనన్నమాట. సహచరులు పరుగెత్తుకొని పోయి చూచునప్పటికి ఆయన కన్నులు రక్తముతో ఎఱ్ఱబారి యుండెను, చూపు కానరాలేదు. అందరి హృదయములు తల్లడిల్లినవి. కొంతసేపటికి మసకగా వెలుతురు తోచెను. తరువాత ఆకాశపు నీలిమ కనబడెను. పిదప ఎదుటివారి వ్రేళ్లను లెక్కింపగలిగెను. చూపు తిరిగి వచ్చెను, ప్రాణము నిలిచెను. భూమిపై అత్యంత వేగముగా పయనించిన మనుష్యుడని పత్రికలు ఆయనను కొనియాడినవి. 1955లో ప్రసిద్ధమైన టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రముపై ముద్రించెను. ఆయన మొత్తము 29 పర్యాయములు రాకెట్ బండిపై పయనించెనని లెక్క.

వేగమునకు కీర్తి లభించినది గాని, స్టాప్ దృష్టి వేగముపై లేదు, ఆగుటపై నుండెను. దేహము చెడుట వేగము వలన గాదు. ఆ వేగము ఏ విధముగా అంతమగునో దానివలన అని ఆయన గ్రహించెను. ఈ సత్యమును తాటిచెట్టు ఉపమానముతో సులభముగా తెలిసికొనవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు గోడను కొట్టుకొనినచో, అందలి మనుష్యుడు 14 మీటర్ల ఎత్తుగల తాటిచెట్టు మీది నుండి నేలపై బడినంత బలముగా తాకును. కారు ఆగినను, లోనున్న మనుష్యుడు అదే వేగముతో ముందునకు సాగును. ఇది న్యూటన్ చెప్పిన మొదటి గతినియమము. కట్టులేని దేహమును ఎదుటనున్న చక్రమో, అద్దమో కొన్ని అంగుళముల దూరములోనే ఆపివేయును. ఆ బలమంతయు తలపైనో, రొమ్ముపైనో ఒక్కచోట పడును. తలుపు తెరచుకొనినచో దేహము బయటకు విసరబడును. పట్టీ కట్టుకొనినవాడు కారుతో ఒకటైయుండును. కారు ముందు భాగము నలిగి ముడుచుకొనునంత కాలమును, దూరమును అతనికి దొరకును. ఆగుట కొంత మెల్లనగును. బలము కటియెముకలు, ప్రక్కటెముకలు, భుజపుటెముక అను గట్టి భాగములపై పంచబడును. చెట్టుపై నుండి రాతినేలపై పడుటకును, గడ్డివామిపై పడుటకును గల భేదమే ఈ రెండింటికిని గలదు.

స్టాప్ దృష్టి ఇప్పుడు విమానముల నుండి కార్లపైకి మరలెను. దానికొక కారణము కలదు. వైమానిక దళములోని భటులు విమాన ప్రమాదములలో ఎందరు మరణించుచుండిరో, ఇంచుమించు అందరును కారు ప్రమాదములలో మరణించుచుండిరని ఆయన లెక్కలు చూచి తెలిసికొనెను. ఆకాశమున ధ్వనివేగముతో పోటీపడు వీరుడు, సెలవు దినమున ఇంటికి పోవు దారిలో మరణించుట ఆయనకు సహింపరానిదయ్యెను. 1955లో పాత కార్లను తెప్పించి, వానిలో బొమ్మల నుంచి, అడ్డుగోడలకు ఢీకొనజేసి పరీక్షించుట మొదలుపెట్టెను. కార్ల నిర్మాతలను, వైద్యులను, ఇంజనీర్లను ఆహ్వానించి ఆ పరీక్షలను చూపెను. ఆ సమావేశమే పిదప ఏటేట జరుగు మహాసభగా మారి, నేటికిని ఆయన పేరిట సాగుచున్నది.

కార్ల విషయము సైన్యమునకు సంబంధించినది కాదని కొందరు పై యధికారులు ఆక్షేపించిరి. స్టాప్ లెక్కలు చూపి వారిని ఒప్పించెను. ఒక వైమానికునకు శిక్షణ నిచ్చుటకు ప్రభుత్వము ఎంతో ధనము వెచ్చించును. అట్టివాడు పట్టీ లేని కారులో మరణించుట సైన్యమునకే నష్టమని ఆయన వాదము. ప్రజలలో ఉదాసీనత మరియొక అవరోధము. పట్టీ కట్టుకొనుట పిరికితనమని కొందరును, ఉక్కగా నుండునని కొందరును తలచిరి. ఎక్కడ మాటలాడుటకు పిలిచినను స్టాప్ పోయి, పట్టీ ఆవశ్యకతను వివరించుచుండెను.

ఇదే కాలమున స్వీడన్ దేశమున మరియొక ప్రజ్ఞావంతుడు ఈ సమస్యకు చక్కని పరిష్కారము కనుగొనెను. నిల్స్ బోలిన్ అను ఇంజనీరు విమానములలో వైమానికుని బయటకు విసరు ఆసనములను నిర్మించుటలో నేర్పరి. ఆయన వోల్వో సంస్థలో చేరి, 1959లో మూడు చోట్ల బిగించు సీటు బెల్టును రూపొందించెను. అంతకుముందు నడుమునకు మాత్రమే పట్టీ కట్టెడివారు. అది పై శరీరమును ఆపజాలదు. ఒక్కొక్కప్పుడు పొత్తికడుపునకే హాని చేసెడిది. బోలిన్ బెల్టు భుజము మీదుగా రొమ్మును, నడుమును కలిపి పట్టుకొనును. ఒక్క చేతితోనే దానిని బిగింపవచ్చును. వోల్వో సంస్థ ఈ కల్పనపై లాభము కోరక, ఇతర నిర్మాతలును ఉపయోగించుకొనుటకు అనుమతించెను. అందువలననే నేడు ఏ దేశపు కారులోనైనను అదే బెల్టు కానవచ్చుచున్నది.

1966 సెప్టెంబరు 9వ తేదీన అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహన భద్రతా చట్టముపై సంతకము చేయునపుడు స్టాప్ ఆ సభలో నుండెను. 1968 జనవరి నుండి ఆ దేశమున తయారగు కార్లలో సీటు బెల్టులుండుట నిర్బంధమయ్యెను. బెల్టు కారులోనుండుట వేరు, దానిని ధరించుట వేరు. ధరించితీరవలెనని మొట్టమొదట శాసించినది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము. అది 1970లో జరిగెను. తరువాత ఒక్కొక్క దేశమే ఆ మార్గము ననుసరించెను.

సీటు బెల్టునకు తోడుగా కాలక్రమమున ఎయిర్ బ్యాగు వచ్చెను. జాన్ హెట్రిక్ అను అమెరికనుడు 1953లో దానికి పేటెంటు పొందెను. కారు దేనినైనను గట్టిగా ఢీకొనగనే లోపలి సాధనము ఆ తాకిడిని పసిగట్టి వాయువును పుట్టించును. కన్నుమూసి తెరచునంతలో, అనగా సెకనులో సుమారు ముప్పదవ వంతు కాలములో, చక్రము నడుమ మడిచియుంచిన సంచి ఉబ్బి తలకు, రొమ్మునకు మెత్తగా అడ్డుపడును. వెంటనే రంధ్రముల గుండ వాయువు పోయి మెత్తబడును. ఎయిర్ బ్యాగు ఉన్నది గదా, బెల్టుతో పనియేమి యని కొందరు భ్రమపడుదురు. అది పొరపాటు. బెల్టు లేనివాడు సంచి పూర్తిగా ఉబ్బకమునుపే దానిపై పడును. అంత వేగముగా విచ్చుకొను సంచి యప్పుడు వానికి దెబ్బయే యగును. సంచి బెల్టునకు సహాయకారియే గాని, దానికి మారు కాదు. ఈ కారణముననే పసిపిల్లలను ముందు సీటున ఒడిలో కూర్చుండబెట్టుకొనుట మిక్కిలి అపాయకరము. వారికి తగిన ఆసనము నమర్చి వెనుక సీటున కూర్చుండజేయవలెను.

మన దేశమున ముందు సీటులవారే గాక, వెనుక సీటులలో ముందునకు ముఖముగా కూర్చుండువారును బెల్టు ధరింపవలెనని మోటారు వాహన నియమములు విధించుచున్నవి. 2019లో సవరింపబడిన చట్టము బెల్టు ధరింపనివారికి 1,000 రూపాయల జరిమానా నిర్ణయించెను. 2019 జూలై నుండి క్రొత్త కార్లలో నడుపువాని ముందు, 2021లో అతని ప్రక్కనున్నవాని ముందు ఎయిర్ బ్యాగు ఉండుట నిర్బంధమైనది. అయినను తెలుగునాట బెల్టు ధరింపని కారణమున పోయిన ప్రాణములు పెక్కు. 2018 ఆగస్టు 29వ తేదీన ప్రముఖ నటుడు, రాజకీయ నాయకుడు నందమూరి హరికృష్ణ హైదరాబాదు నుండి నెల్లూరు జిల్లాలోని కావలికి ఒక వివాహమునకై తానే కారు నడుపుకొనుచు బయలుదేరెను. నల్లగొండ సమీపమున కారు అదుపుతప్పి తిరుగబడగా ఆయన బయటకు విసరబడి మరణించెను. ఆయన సీటు బెల్టు ధరింపలేదని పోలీసులు తెలిపిరి. ధనము, కీర్తి, డ్రైవింగు నేర్పు ఇవేవియు గతినియమమును మార్చజాలవు. అధ్యక్షునకును, వ్యవసాయదారునకును ఆ నియమము ఒక్కటే.

స్టాప్ 1957లో లిలియన్ అను నర్తకిని వివాహమాడెను. 1970లో కర్నల్ పదవితో సైన్యము నుండి విరమించెను. విరమించిన పిమ్మటను ప్రయాణికుల భద్రతకై కృషిచేయుట మానలేదు. 1991లో అమెరికా ప్రభుత్వము సాంకేతిక విజ్ఞానమునందు ఆయన సేవలకు జాతీయ పతకమునిచ్చి గౌరవించెను. 1999 నవంబరు 13వ తేదీన, తాను రాకెట్ బండి నడిపిన ప్రదేశమునకు సమీపమున నున్న అలమొగార్డో పట్టణమున, తన 89వ యేట ప్రశాంతముగా కన్నుమూసెను. మృత్యువు నోటికి అంతటి చేరువగా అన్ని పర్యాయములు పోయివచ్చినవాడు పూర్ణాయుర్దాయముతో జీవించుట విశేషము. అదృష్టము మాత్రమే ఆయనను కాపాడలేదు. ప్రతి ప్రయాణమునకు ముందును పట్టీలను శ్రద్ధతో పరీక్షించి, చక్కగా బిగించుకొనుటయే ఆయనకు రక్షగా నిలిచెను.

సాహసమన్న అపాయమును లెక్కచేయకపోవుట యని పలువురు తలంతురు. స్టాప్ జీవితము దానికి వేరొక అర్థమును చూపుచున్నది. ఆయన అపాయమును చక్కగా లెక్కించెను. తగిన కట్టు కట్టుకొనెను. ఆ పిదపనే బండి నెక్కెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున ఒక పసిబిడ్డను కాపాడలేకపోయిన ఆయన, తరువాత తాను ఎన్నడును చూడని, పేరైనను వినని లక్షలాది జనుల ప్రాణములను కాపాడిన కృషిలో భాగస్వామి యయ్యెను. ఆ కృషిఫలము ప్రతి కారులోను సీటు ప్రక్కన సిద్ధముగా నున్నది. దానిని తెచ్చియిచ్చుటకు ఆయనకు ఎముకలు విరిగినవి, కన్నులు రక్తసిక్తమైనవి. దానిని బిగించుకొనుటకు మనకు పట్టు కాలము రెండు మూడు సెకనులు మాత్రమే.